నీళ్ల ట్యాంకులో నిప్పు

1971 సెప్టెంబరు 6, సోమవారం. పశ్చిమ జర్మనీలోని హాంబుర్గ్ నగరం, ఫూల్స్‌బ్యూటెల్ విమానాశ్రయం. సాయంత్రం ఆరు దాటింది. స్పెయిన్ దక్షిణ తీరంలోని మాలగాకు వెళ్లే చార్టర్ విమానం బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ప్రయాణికులు 115 మంది. ఉత్తర జర్మనీలో వేసవి చివరికొచ్చింది. రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, మాలగాలో, ఎండ ఇంకా మిగిలే ఉంది. సముద్రమూ వెచ్చగానే ఉంటుంది.

విమానం పేరు బి.ఏ.సి. వన్-ఎలెవెన్. బ్రిటన్‌లో తయారైంది. చాలా విమానాలకు ఇంజన్లు రెక్కల కింద వేలాడుతుంటాయి. దీనికి రెండూ తోక దగ్గర, ఒంటికి చెరో పక్కన అతికించినట్టుంటాయి. అవి రోల్స్‌రాయిస్ స్పే జెట్ ఇంజన్లు. విమానం నడుపుతున్న కంపెనీ పాన్‌ఇంటర్నేషనల్, ఫ్లైట్ నంబరు 112. కాక్‌పిట్‌లో ఎడమ సీటు కెప్టెన్ రైన్‌హోల్డ్ హ్యూల్స్‌ది, కుడి సీటు కో-పైలట్ ఎలిజబెత్ ఫ్రిస్కెది. ప్రయాణికుల జెట్ విమానంలో పైలట్ సీట్లో ఆడమనిషి కనిపించడం ఆ రోజుల్లో చాలా అరుదు. సిబ్బందితో కలిపి విమానంలో మొత్తం 121 మంది.

కాక్‌పిట్‌లో ఆ సాయంత్రం ఎవరు ఏ మాట అన్నారో నేను కల్పించి రాయను. ఆ విమానంలోంచి కొందరు తిరిగి రాలేదు. వాళ్ల చివరి నిమిషాలకు సంభాషణలు అల్లే హక్కు నాకు లేదు. ఈ గాథను నడిపించినది మాటలు కాదు గనక ఆ అవసరమూ లేదు. దీన్ని నడిపించింది ఒక ట్యాంకు. అది ఇంధనం ట్యాంకు కాదు, నీళ్ల ట్యాంకు.

జెట్ ఇంజన్‌లో నీళ్లేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. బండి ట్యాంకులో నాలుగు చుక్కల వాన నీరు దిగితేనే సగం దారిలో ఆగిపోయే అనుభవం మనది. మరి విమానం ఇంజన్‌లోకి కావాలని, పంపు పెట్టి మరీ నీళ్లు కొట్టడమేమిటి?

జెట్ ఇంజన్‌కు అసలు తిండి గాలి. ముందు నుంచి పీల్చిన గాలిని బలంగా నొక్కి, అందులో కిరోసిన్ చిమ్మి మండిస్తుంది. విమానాలు తాగేది మన ఇళ్లలో స్టవ్వులకు వాడిన కిరోసిన్ జాతిదే, శుద్ధి మాత్రం ఎక్కువ. అలా పుట్టిన వేడి వాయువు టర్బైన్ రెక్కలను తిప్పి, వెనక నుంచి ఉరుకుతుంది. ఆ ఉరుకే విమానాన్ని ముందుకు తోస్తుంది. ఇంకా తోపు కావాలంటే ఇంకా కిరోసిన్ మండించాలి. కానీ ఎంత మండించాలన్నది పైలట్ చేతిలో లేదు, టర్బైన్ రెక్కల ఓర్పులో ఉంది. నికెల్ మిశ్రమ లోహంతో చేసిన ఆ చిన్న చిన్న రెక్కలు కొలిమిలో పెట్టినట్టు కాలుతూనే నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటాయి. ఒక హద్దు దాటితే అవి సాగుతాయి, విరుగుతాయి, కరుగుతాయి.

ఎండ ముదిరితే కష్టం ఇంకా పెరుగుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. 15 డిగ్రీల దగ్గర ఉండే గాలితో పోలిస్తే, మన రెంటచింతలలో రోళ్లు పగిలే 45 డిగ్రీల మధ్యాహ్నం గాలి దాదాపు పదో వంతు పలచన. అదే రన్‌వే, అదే బరువు, తిండి మాత్రం తగ్గింది. ఎండ లేకపోయినా నిండు బరువుతో, దూరప్రయాణానికి సరిపడా ఇంధనంతో లేవాల్సిన విమానానికి ఆ రెండు నిమిషాలూ అదనపు బలం కావాలి.

ఆ బలం నీళ్లతో వస్తుంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చారెడు నీళ్లు చల్లుతాం, పొంగు చప్పున అణుగుతుంది. ఇంజన్‌లోనూ పని అదే. మరిగే వేడి దగ్గరున్న కిలో నీరు ఆవిరి కావడానికే 2,257 కిలోజౌళ్ల వేడిని లాగేసుకుంటుంది. నీళ్లు అలా వేడిని మింగేస్తే, టర్బైన్ రెక్కల హద్దు దాటకుండానే ఇంకొంచెం కిరోసిన్ మండించే వీలు దొరుకుతుంది. పైగా ఆవిరి కూడా వాయువులతో కలిసి వెనక్కి ఉరికి తన బరువు తాను జోడిస్తుంది. నీళ్లలో శక్తి లేదు. ఇంజన్‌కు తన శక్తిని ఖర్చుపెట్టుకునే చోటు ఇస్తుంది, అంతే.

ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు పనికిరావు. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లటి గార కడుతుంది కదా, అదే గార టర్బైన్ రెక్కల మీద కడితే ఇంజన్ పాడవుతుంది. అందుకే లవణాలన్నీ తీసేసిన నీళ్లు వాడతారు. అంటే ఆ నీళ్లను ప్రత్యేకంగా తయారుచేయాలి, మోసుకురావాలి, నిలవ చేయాలి, ఎవరో ఒకరు తమ చేతులతో ట్యాంకులో పోయాలి.

ఆ సాయంత్రం ఫ్లైట్ 112 నీళ్ల ట్యాంకులో ఉన్నది వట్టి నీళ్లు కాదు. అందులో కిరోసిన్ చేరింది.

రన్‌వే చివర విమానం ఆగింది. థ్రాటిళ్లు ముందుకు జరిగాయి. రెండు స్పే ఇంజన్లూ గొంతెత్తాయి. నీళ్ల పంపులు పనిలోకి దిగాయి. వేడిని మింగాల్సిన చోట మండేది వచ్చి పడింది.

లెక్క చూస్తే గుండె ఝల్లుమంటుంది. కిలో నీరు ఆవిరవుతూ 2,257 కిలోజౌళ్లు మింగుతుందని చెప్పుకున్నాం. కిలో కిరోసిన్ మండితే పుట్టే వేడి దాదాపు 43,000 కిలోజౌళ్లు. చల్లార్చడానికి వచ్చినది పంతొమ్మిది రెట్లు ఎదురు తిరిగింది. అదీ, నీళ్లు వస్తాయన్న భరోసాతో ఇంజన్ తన పూర్తి బలాన్ని వాడుకుంటున్న క్షణంలో. పొంగుతున్న పాల మీద చల్లుదామని గిన్నెడు నీళ్లనుకుని నూనె పోసినట్టయింది.

విమానం నేల విడిచింది. రెండు ఇంజన్లూ లోపల కాలిపోతున్నాయి.

ఇక్కడ కాసేపు ఆ విమానాన్ని గాల్లోనే ఉంచి వెనక్కి వెళ్లాలి. నీళ్లను ఇంత నిశ్చింతగా నమ్మడం ఎలా అలవాటైందో తెలియకపోతే ఆ సాయంత్రం అర్థం కాదు.

పెట్రోలు ఇంజన్ల కాలంలో అసలు శత్రువు నాకింగ్. సిలిండర్‌లో మంట స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలై పద్ధతిగా పాకాలి. బాగా నొక్కితే, బాగా వేడెక్కితే, మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. ఎక్కువ బరువేసుకుని టాప్ గేర్‌లో గట్టెక్కబోయిన ప్రతివాడూ ఆ టకటక శబ్దం వినే ఉంటాడు. అది ముదిరితే పిస్టన్‌కు బొక్క పడుతుంది. కాబట్టి ఇంజన్‌కు ఎంత గాలి దట్టించగలమన్నది పెట్రోలు ఆ నాకింగ్‌ను ఎంతవరకు ఆపగలదన్న దాన్ని బట్టే ఉంటుంది. ఆ ఆపే గుణానికి కొలతే ఆక్టేన్. 1940లో బ్రిటన్ గగనతల యుద్ధం నాటికి స్పిట్‌ఫైర్ల మెర్లిన్ ఇంజన్లకు 87 ఆక్టేన్ బదులు 100 ఆక్టేన్ పెట్రోలు అందింది. లోహం మారలేదు. దట్టించే ఒత్తిడిని పెంచుకునే వీలొచ్చింది, అంతే. 1,030 హార్స్‌పవర్ ఇంజన్ అత్యవసరంలో 1,310 ఇచ్చింది.

ఆ ఆక్టేన్ వెనక ఉన్నది సీసం. 1921 డిసెంబరులో అమెరికాలోని డేటన్‌లో, జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్జ్‌లీ బృందం టెట్రాఇథైల్ లెడ్‌కు నాకింగ్‌ను అణిచే గుణం ఉందని కనిపెట్టింది. చాలా కొద్దిగా కలిపితే చాలు. కానీ అది విషం. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవేలో, స్టాండర్డ్ ఆయిల్ వాళ్ల శుద్ధి కర్మాగారంలో దాన్ని తయారుచేస్తున్న కార్మికులు మతి చలించి, ఒళ్లు తెలియని స్థితిలో మరణించారు. ఐదుగురు పోయారు. అయినా సీసం పెట్రోలు ప్రపంచమంతా పాకింది. మన దేశం దాన్ని 2000లో వదిలించుకుంది. ప్రపంచంలో ఆఖరున వాహనాలకు సీసం పెట్రోలు అమ్మిన దేశం అల్జీరియా, అక్కడ 2021లో ఆగింది. ఆ వందేళ్లలో పసిపిల్లల నెత్తుట్లో చేరిన సీసం గురించి తలుచుకుంటే, ఇంజన్ల మీద నాకెంత మక్కువున్నా కోపం ఆగదు.

అదే పని చేయగల రెండో సాయం నీళ్లు. సిలిండర్‌లోకి వెళ్లే గాలిలో సన్నగా నీళ్లు చిమ్మితే అది చల్లబడుతుంది, మిశ్రమం తొందరపడదు, ఇంకా గాలి దట్టించవచ్చు. అమెరికన్ల థండర్‌బోల్ట్ యుద్ధవిమానంలో ఉన్న ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 ఇంజన్ మామూలుగా 2,000 హార్స్‌పవర్ ఇచ్చేది, నీళ్లు చిమ్మితే 2,300. అటు జర్మన్లు మెస్సర్‌ష్మిట్ 109 ఇంజన్‌కు నీళ్లూ మెథనాలూ సగం సగం కలిపి వాడారు. ఎం.డబ్ల్యు. 50 అని దాని పేరు. 1,475 ఇచ్చే ఇంజన్ దానితో 1,800 ఇచ్చింది. ఆకాశంలో చలికి నీళ్లు గడ్డకట్టకుండా మెథనాల్ కాపాడేది. ఒక్క షరతు ఉండేది. ఏకబిగిన పది నిమిషాలకు మించి వాడకూడదు. ప్రాణం మీదికి వస్తే తప్ప ముట్టని బలం అది.

యుద్ధం ముగిశాక ఆ విద్య జెట్ ఇంజన్లకు వచ్చింది. అమెరికా వైమానిక దళం కె.సి.-135 ట్యాంకర్ విమానాలు ఒక్క టేకాఫ్‌లోనే రెండున్నర వేల లీటర్ల నీళ్లు ఖాళీ చేసేవి. నల్లటి పొగ కక్కుతూ, చెవులు చిల్లులు పడేలా అరుస్తూ లేచేవి. మన దగ్గరా ఇది కొత్తేమీ కాదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపిన ఆవ్రో 748, ఫాకర్ ఫ్రెండ్‌షిప్ విమానాల డార్ట్ ఇంజన్లకు ఎండాకాలంలో ఇదే నీళ్లూ మెథనాలూ ఆసరా. మన నౌకాదళం 2016 దాకా నడిపిన సీ హారియర్ గాల్లో నిలబడి ఓడ మీద నిట్టనిలువునా దిగేటప్పుడు, ఆఖరి క్షణాల బరువు మోసిందీ నీళ్లే. దాని ట్యాంకులో పట్టేది సుమారు 227 కిలోలు, నిలబడగలిగేది నిమిషంన్నర. విశాఖ బీచ్‌రోడ్డులో ప్రదర్శనకు పెట్టిన సీ హారియర్‌ను చూసినప్పుడు చాలామంది దాని తిరిగే నాజిల్స్‌నే చూస్తారు. ఆ ఒంట్లో ఓ నీళ్ల తొట్టి కూడా ఉందని ఎవరికీ తట్టదు.

సీసం దగ్గరికి వెళ్లేవాడు భయపడతాడు. చేతి తొడుగులు వేసుకుంటాడు, డబ్బా మీద పుర్రె గుర్తు చూస్తాడు. మెథనాల్‌ను ముట్టుకునేవాడూ అంతే. నీళ్లను చూసి ఎవరు భయపడతారు? నీళ్లే కదా అనుకుంటాం. ఈ గాథలో నన్ను వెంటాడేది ఆ ఒక్క మాట. ఇంజన్‌కు ఇచ్చే అదనపు సాయాల్లో అన్నింటికంటే అమాయకమైనది నీళ్లు. ఆ అమాయకత్వమే ట్యాంకుకు కాపలా లేకుండా చేసింది.

మళ్లీ హాంబుర్గ్ ఆకాశంలోకి వద్దాం.

నేల విడిచిన కొద్దిసేపటికే రెండు ఇంజన్లూ చచ్చిపోయాయి. విమానాలకు రెండు ఇంజన్లు పెట్టేదే ఒకటి పోతే రెండోది ఆదుకుంటుందని. రెండూ ఒకేసారి పోయే అవకాశం బహు తక్కువని ఆ లెక్క. కానీ రెండింటికీ ఒకే చెంబు నుంచి పోస్తే ఆ లెక్క నిలవదు. ఇవి వేరువేరుగా పుట్టిన రెండు లోపాలు కావు, ఒకే తప్పుకు రెండు కొమ్మలు.

ఇంజన్లు పోయిన జెట్ విమానం బరువైన గ్లైడర్. ఎత్తు ఉంటే దాన్ని దూరంగా మార్చుకోవచ్చు. అప్పుడే లేచిన విమానానికి ఎత్తు ఎక్కడిది? వెనక్కి తిరిగి రన్‌వే అందుకునే వ్యవధి లేదు. మాలగా దాకా వెళ్లాల్సిన ఇంధనమంతా ట్యాంకుల్లోనే ఉంది. కింద ఊళ్లు, పొలాలు, చెట్లు. వాటి మధ్య హాంబుర్గ్ నుంచి కీల్ వైపు తిన్నగా సాగే కాంక్రీటు దారి ఒకటి కనిపిస్తోంది. ఆటోబాన్ ఏ-7. విమానాశ్రయం నుంచి నాలుగైదు కిలోమీటర్లు.

దాని మీదే దించాలని పైలట్లు నిశ్చయించుకున్నారు.

రెక్కల వెడల్పు, రోడ్డు వెడల్పు బేరీజు వేసుకునే సమయం కూడా లేని నిర్ణయం అది. వన్-ఎలెవెన్ ఒక కొస నుంచి ఇంకో కొసకు రెక్కలు చాచితే 28 మీటర్లకు పైనే. కిందున్నది వాహనాలు తిరిగే హైవే. ఎదురుగా రన్‌వే దీపాలు లేవు, వెనక్కి తోసి ఆపే ఇంజన్ బలం లేదు. అయినా హాస్లో అనే ఊరి దగ్గర చక్రాలు రోడ్డును తాకాయి. ప్రాణం లేని రెండు ఇంజన్లతో, నిండుగా ఇంధనంతో, నూటపాతిక మందికి కాస్త తక్కువ జనంతో ఉన్న విమానాన్ని రోడ్డు మీదకు తెచ్చి ఆనించారు. ఆ పని విలువ తెలియాలంటే ఆ తర్వాత ఏమైందో ఒక్క క్షణం మరిచిపోయి చూడాలి.

రోడ్డుకు అడ్డంగా వంతెన ఉంది.

జోరు మీదున్న విమానం వంతెనను ఢీకొంది. రెక్కలు విడిపోయాయి. రెక్కల్లోనే ఇంధనం ఉంటుంది. మంటలు లేచాయి. మాలగా ఎండ కోసం బయల్దేరిన మనుషులు పొగలోంచి, చీలిన లోహంలోంచి ఒకరినొకరు లాక్కుంటూ రోడ్డు మీదికి వచ్చారు.

అందరూ రాలేదు. 21 మంది ప్రయాణికులు, సిబ్బందిలో ఒకరు, మొత్తం 22 మంది చనిపోయారు. 99 మంది బతికారు. ఇద్దరు పైలట్లూ బతికిన వాళ్లలో ఉన్నారు. ఆ కంపెనీ మరుసటి నెలలోనే మూతపడింది.

దర్యాప్తు చేసినవాళ్లు ఇంజన్లను విప్పారు. రెండూ ఒకే తీరుగా అతిగా వేడెక్కి పాడయ్యాయి. రెండు ఇంజన్లకూ ఉమ్మడిగా ఉన్నదేమిటి? దారి నీళ్ల ట్యాంకు దగ్గరికే తీసుకెళ్లింది. పొరబాటున అందులోకి విమాన ఇంధనం చేరిందని తేలింది.

నీరూ విమాన కిరోసిన్ రెండూ చూపుకు తేట ద్రవాలే. డబ్బాలో ఉంటే తేడా కనబడదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన చెబుతుంది నిజమే, కానీ విమానాశ్రయంలో గాలంతా ఆ వాసనే. ఒకే పాత్రలో పోస్తే కిరోసిన్ తేలిక గనక నీటి పైన తేలి గీత గీస్తుంది. ట్యాంకు లోపలికి తొంగిచూసేదెవరు?

ఇది చదివినప్పుడల్లా నాకు మన రేషన్ షాపులు గుర్తొస్తాయి. ఒకప్పుడు చేతిలో క్యాను పట్టుకుని క్యూలో నిలబడితే, డీలరు గరాటు పెట్టి పోసేది నీలం రంగు కిరోసిన్. పేదవాడి దీపానికిచ్చే సబ్సిడీ నూనెను డీజిల్లో, పెట్రోల్లో కలిపి అమ్ముకోకుండా పట్టుకోవడానికి ప్రభుత్వం ఆ రంగు కలిపింది. పెట్రోల్లో కిరోసిన్ కలిస్తే ఆక్టేన్ పడిపోతుంది, బండి నాకింగ్ మొదలెడుతుంది, పొగ కక్కుతుంది. చవక లాభం కోసం కలిపేవాడికి ఆ రంగు అడ్డు. పెట్రోలు విమానాల్లోనూ అదే ఏర్పాటు ఉంది. ఈనాటికీ చిన్న విమానాలు వాడే సీసం తక్కువ పెట్రోలు నీలంగా ఉంటుంది, పాత 100/130 రకం ఆకుపచ్చ. ద్రవం తన పేరు తానే చెప్పుకునేలా చేశారు. నీళ్లకు రంగు వేయలేదు. నీళ్లే కదా.

ఇంజన్ మనం రాసిన చీటీ చదవదు. ఆ డబ్బా ఏ చేతుల్లోంచి ఏ చేతుల్లోకి వెళ్లింది, ఎవరు ఎవర్ని నమ్మారు, ఎవరు అలసిపోయి ఉన్నారు అన్నది దానికి తెలియదు. పోసినది మండేదైతే మండుతుంది, ఆర్పేదైతే ఆరుతుంది. ఆ ట్యాంకు నింపిన మనిషి ఆ రాత్రి ఎలా గడిపి ఉంటాడో ఆలోచించకుండా నేను ఈ కథ ముగించలేను. కావాలని ఎవరూ చేయలేదు. కానీ 22 మంది లేరు.

ఇంచుమించు ఇదే తప్పు అమెరికాలో ఇంకొక విమానాన్ని పడగొట్టింది. బాబ్ హూవర్ అనే పేరున్న విన్యాసాల పైలట్ శాన్ డియేగోలో తన ష్రైక్ కమాండర్ విమానంలో లేచాడు. అది పెట్రోలుతో నడిచే పిస్టన్ విమానం. అచ్చం అలాగే ఉండే టర్బైన్ రకం కూడా ఒకటుంది. ఇంధనం నింపే కుర్రాడు ఇది అదనుకుని జెట్ ఇంధనం పోశాడు. లేచీ లేవగానే రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. హూవర్ తన నేర్పంతా పెట్టి దాన్ని కిందికి దింపి బతికి బయటపడ్డాడు.

ఆ తర్వాత జెట్ ఇంధనం గొట్టం మూతిని బాతు ముక్కులా వెడల్పుగా, చదునుగా మార్చే ఏర్పాటు వచ్చింది. పెట్రోలు విమానం ట్యాంకు మూతి దగ్గర చిన్న గుండ్రటి కట్టు బిగిస్తారు. చదును మూతి ఆ గుండ్రటి రంధ్రంలో దూరదు. కళ్లు మోసపోయినా, వాసన తెలియకపోయినా, ఒళ్లు అలిసిపోయి ఉన్నా చెయ్యి ఆగుతుంది. ఆ చదును మూతిని హూవర్ నాజిల్ అంటారు.

విమానం దిగిన హూవర్ ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లాడు. వాడు ఏడుస్తూ నిలబడి ఉన్నాడు. హూవర్ వాడి భుజం మీద చెయ్యి వేసి, మర్నాడు తను ఎగరాల్సిన ఇంకో విమానానికి ఇంధనం నింపే పని వాడికే అప్పగించాడు.